బాల్కనీలో ఆరు డ్రమ్ములు

కరివేపాకు డ్రమ్ములో రెండు చెంబుల నీళ్ళు పోసి, అలవాటు కొద్దీ కిందికి చూశాను. అడుగునున్న కన్నంలోంచి బురదనీళ్ళు సన్నగా బయటికొచ్చాయి. రోజూ అవి గోడవైపుకి పారి, మూలనున్న గొట్టంలో పడిపోతాయి. ఆ సాయంత్రం గోడవైపు వెళ్ళలేదు. ఉన్నచోటే కాసేపు వెడల్పయ్యి, రెయిలింగు వైపు కదిలాయి.

మొదట నాకు గుడ్డ గుర్తొచ్చింది. మా బాల్కనీ కింద, ఇంటి ముందు వసారాలో, ఇల్లుగల మామ్మగారి అద్దకం బల్ల ఉంటుంది. పెడన నుంచి వచ్చే గుడ్డ మీద ఆవిడ కలంకారీ అచ్చులు వేస్తారు. మేం బందరు వచ్చి ఈ ఇంట్లో పైవాటా అద్దెకి తీసుకున్న కొత్తలో నా కుండీల బురద ఒకసారి ఆవిడ ఆరేసిన దుప్పటి మీద కారింది. "నీ మొక్కలకి నేను విడిగా అద్దె అడగట్లేదు కదమ్మాయ్, కనీసం నా గుడ్డనైనా వదిలెయ్యమను వాటిని" అన్నారు. అప్పటినుంచీ నీళ్ళు పోసిన ప్రతిసారీ అవి ఎటు పారుతున్నాయో చూసుకుంటాను.

చెంబు పక్కన పెట్టి, తుడవటానికి పాతగుడ్డ అందుకోబోయాను. అప్పుడు తట్టింది. నీళ్ళు వాటంతట అవి దారి మార్చుకోవు. వాటి కింద నేల మారి ఉండాలి.

నేను నిలబడ్డ బాల్కనీ బయటివైపుకి వంగింది.

కదల్లేదు నేను. కాళ్ళకింద తేడా ఏమీ తెలియటం లేదు, ఎప్పటిలా గట్టిగానే ఉంది. కింద నుంచి అచ్చు మీద పిడికిలితో కొడుతున్న చప్పుడు వస్తోంది. టప్, టప్, కాస్త ఆగి మళ్ళీ టప్. మధ్యలో మా చిన్నాడి గొంతు: "మామ్మగారూ, ఈ చిలక్కి కన్ను పడలేదు." వాడికి ఐదేళ్ళు. ఎనిమిదేళ్ళ పెద్దది ఏదో ఎక్కం పైకి చెప్పుకుంటోంది. బడినుంచి వచ్చాక చీకటిపడే దాకా వాళ్ళిద్దరూ ఉండేది అక్కడే, ఆ బల్ల పక్కన, సరిగ్గా నా కాళ్ళకింద.

పిలవబోయి ఆగాను. పైనుంచి పిలిస్తే వాళ్ళేం చేస్తారో నాకు తెలుసు. పరిగెత్తుకొచ్చి రెయిలింగు కింద నిలబడి తలలు పైకెత్తుతారు.

గుమ్మం నాకు రెండడుగుల దూరం. పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ వెనక్కి వచ్చాను. గదిలోకి వచ్చాక పరిగెత్తాను. మా మెట్లు ఇంటి వెనక ఉన్నాయి. దిగి, బోరింగు పక్కనుంచి తిరిగి, ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులోంచి ముందుకి రావాలి. అర నిమిషం దారి. ఆ సందులో ఎప్పటినుంచో పడున్న సైకిలు హ్యాండిల్‌కి నా చున్నీ పట్టుకుంది. విప్పుకోకుండా వదిలేసి పోయాను. టప్, టప్ అని వినిపిస్తున్నంతసేపూ కింద అందరూ బాగున్నట్టే. ఆవిడ అచ్చుని రంగులో ముంచటానికి ఆగిన ప్రతిసారీ నాకు ఊపిరి ఆడలేదు.

వసారాలోకి వెళ్ళి ఇద్దరి రెక్కలూ పట్టుకుని వీధిలోకి లాగేశాను. చిన్నాడి మోచెయ్యి గేటుకి కొట్టుకుంది. వాడు ఏడుపు అందుకున్నాడు.

"ఏమైందమ్మాయ్, పిల్లల్ని అలా ఈడ్చుకుపోతావు?" అన్నారు మామ్మగారు, అచ్చు చేతిలోనే ఉంచుకుని.

"మీరు కూడా రండి మామ్మగారూ. బాల్కనీ వంగింది. బల్ల దగ్గర నుంచి రండి ముందు."

ఆవిడ తలెత్తి పైకి చూశారు. "ఎక్కడ వంగింది? ఎప్పటిలాగే ఉంది."

"నీళ్ళు బయటివైపు పారాయండీ."

"నీళ్ళు పారితే ఇల్లు కూలుతుందా? నీకు ప్రతిదానికీ హడలే. మొన్న వీడికి తుమ్మొస్తే ఆసుపత్రికి పరిగెత్తావు." మళ్ళీ అచ్చు రంగులో ముంచారు. "వానల వల్ల మూడు రోజులు పని ఆగిపోయింది. తడి మీద ఉన్న వరస మధ్యలో వదిలేస్తే అతుకు కనిపిస్తుంది. నాలుగే నాలుగు అచ్చులు. వేసి వస్తాను."

నాకు హడలెక్కువని వీధంతా అనుకుంటారు. అది నిజమే, అందుకే నామాట ఎవరూ నమ్మరు. పెద్దదాని చేతిలో చిన్నాడి చెయ్యి పెట్టి, ఎదురింటి అరుగు ఎక్కి అక్కడే ఉండమని చెప్పి, మళ్ళీ వసారాలోకి వెళ్ళాను. ఆవిడ పక్కన నిలబడ్డాను.

"నువ్వెందుకు వచ్చావు?"

"మీరు వెళ్ళేదాకా నేనూ ఇక్కడే ఉంటానండీ."

ఆవిడ నా మొహంలోకి చూశారు. తర్వాత ఎదురింటి అరుగు మీద ఏడుస్తున్న చిన్నాడి వైపు చూశారు. అచ్చు బల్ల మీద పెట్టేసి చేతులు గుడ్డకి తుడుచుకున్నారు. "పద. ఈ వరస పాడైతే పెడనాయనకి నువ్వే సమాధానం చెప్పుకో."

గేటు దాటాక ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం. వీధిలోంచి చూస్తే స్పష్టంగా ఉంది. పక్కింటి డాబా అంచుతో పోలిస్తే మా బాల్కనీ అంచు మూలకి వెళ్ళేసరికి బెత్తెడు దిగింది. గోడకి ఆనిన చోట, అడుగువైపు, గోధుమరంగు గీత ఒకటి ఈ చివరినుంచి ఆ చివరికి. మామ్మగారు ఇంక నాతో వాదించలేదు. బొడ్లోంచి ఫోను తీసి, తనకి తెలిసిన తాపీమేస్త్రికి చేశారు. ఆయన రెండు వీధుల అవతలే ఏదో కట్టుబడి పనిలో ఉన్నారు. అరగంటలో వస్తానన్నారు. మా ఆయనకి నేను ఫోను చేశాను. ఆయన గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ చూసుకుంటారు. అప్పుడే రైలెక్కారట. "నువ్వు పైకి వెళ్ళకు" అని మూడుసార్లు చెప్పారు.

ఆ డ్రమ్ములు అక్కడికి ఎలా వచ్చాయో చెప్పాలి.

నా మొక్కలు మొదలైంది ఐసు పెట్టెల్లో. గిలకలదిండి రేవులో చేపలకి వాడే తెల్లటి థర్మోకోల్ పెట్టెలు అంచులు విరిగాక పారేస్తారు. అడుగున నాలుగు కన్నాలు పొడిచి, మట్టీ కొబ్బరిపొట్టూ కలిపి నింపితే చిన్న మొక్కకి చాలు. ఒక చేత్తో ఎత్తొచ్చు. కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, నందివర్ధనం, రెండు మల్లెలు, అన్నీ వాటిలోనే పెరిగాయి. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు కరివేపాకు పెట్టె పక్కనుంచి తెల్లటి వేరు ఒకటి థర్మోకోల్‌ని పొడుచుకుని బయటికి రావటం చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నవ్వుతారు. లోపల వేళ్ళు చోటు లేక ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని బిగుసుకుపోతున్నట్టు అనిపించింది. పెద్దదాని చెప్పులు బిగుతై కాలి మీద బొబ్బ లేచిన రోజున కూడా అలాగే పడుకోలేకపోయాను. మర్నాడే వెళ్ళి రెండు సైజులు పెద్దవి కొన్నాను. ఆ చెప్పులతో అది బడి మెట్ల మీద బోర్లా పడింది.

ఆ ఒక్క వేరు చూసి ఆరు మొక్కలూ మార్చాలని తీర్మానించుకున్నాను. మిగతా ఐదింటిలో ఒక్కటీ బయటికి వేరు చూపించలేదు. నీళ్ళు పోస్తే మట్టి పీల్చుకుంటూనే ఉంది, మధ్యాహ్నం ఎండకి ఆకు వాలటం లేదు, కొత్త చిగురు వేస్తోంది. అంటే వాటికి అక్కడ హాయిగానే ఉందన్నమాట. అది తెలియక కాదు, ఆగలేక మార్చాను. మా నాన్నది దివిసీమలో వరి వ్యవసాయం. చల్లపల్లి దాటాక బస్సు దిగి ఇంకా లోపలికి వెళ్ళాలి మా ఊరికి. పాతిక రోజుల నారుని పాతిక రోజులకే పీకి నాటాలనీ, ముదిరితే పిలకలు వెయ్యదనీ చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. మొక్కని లేతగా ఉండగానే మార్చాలనేది మా ఇంట్లో ఎవరూ ప్రశ్నించని మాట. అది నారుకి చెప్పిన మాట అని నాకు గుర్తు రాలేదు.

మా ఆయన్ని అడిగితే గుడివాడ నుంచి నీళ్ళు పట్టుకునే పెద్ద నీలం డ్రమ్ములు మూడు తెచ్చి, అడ్డంగా కోయించారు. ఆరయ్యాయి. "ఇంత పెద్దవా? బక్కెట్లు చాలవా?" అన్నారు. మళ్ళీ మళ్ళీ మార్చే పని ఉండదన్నాను. మట్టి కోసం నాన్నకి ఫోను చేశాను. నాన్న మా చేలోంచి నల్లమట్టి ఎరువు బస్తాల్లో నింపి ట్రాలీ ఆటోలో వేసుకుని తనే వచ్చారు. "బందరు ఉప్పు నేలలో ఏం పెరుగుతాయమ్మా, ఇదిగో మన మట్టి" అని బస్తా విప్పి చేత్తో నలిపి చూపించారు. ఆ నలుపు చూడగానే నాకు కొబ్బరిపొట్టు కలపాలనిపించలేదు. మన చేలో వరి పండించే మట్టికి పొట్టు కలపటమా అనుకున్నాను. డ్రమ్ముల్లో పోసి, నీళ్ళు పట్టించి, దమ్ము చేసిన మడిలా మెత్తగా పిసికి, మధ్యలో మొక్కలు పెట్టాను. అడుగున ఒక్కొక్క కన్నమే పెట్టాను, అదీ చిన్నది, బురద మామ్మగారి గుడ్డ మీద పడకుండా. ఎనిమిది నెలలు గడిచాయి. పైన మట్టి ఆరి చేను పగిలినట్టు పగుళ్ళిస్తే, పాపం ఎండిపోతోందని నీళ్ళు పోసేదాన్ని. వేలు దింపి లోపల చూసుకోలేదు. మొన్నటి మూడు రోజుల వానలు ఆ పగుళ్ళలోంచే దిగాయి.

మేస్త్రిగారు మోపెడ్ మీద వచ్చారు. దిగకుండానే పైకి చూసి ఇంజను ఆపారు.

"ఆ డ్రమ్ముల్లో ఏం ఉందమ్మా?"

"మట్టండీ. నల్లమట్టి."

"తడిదా?"

"తడిదే."

"ఎన్ని?"

"ఆరు."

ఆయన వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. "ఒక్కోటీ ఇద్దరు మనుషుల పైన ఉంటుంది. పెళ్ళికొచ్చిన వాళ్ళందరినీ తీసుకెళ్ళి బాల్కనీలో నించోబెట్టినట్టుందమ్మా."

పిల్లలు ఎనిమిది నెలలుగా కూర్చుంటున్నారు దాని కింద. నేనే, నా చేత్తో, ఒక్కో డ్రమ్మూ నింపి పైన పెట్టి, పిల్లల్ని కిందికి పంపాను. పైన ఎండగా ఉంది, కింద చల్లగా ఉంటుంది వెళ్ళండి అని.

మామ్మగారు పక్కనుంచి మెల్లగా అన్నారు. "ఆ గోధుమ గీత వీళ్ళు అద్దెకి రాకముందే ఉంది మేస్త్రీ. తుప్పు మరక అనుకుని సున్నం కొట్టించాను. అమ్మాయికి చెప్పలేదు." నావైపు చూడలేదు ఆవిడ.

"బందరు గాలికి ఇనుము ఎన్నాళ్ళుంటుంది మామ్మగారూ" అని, ఆయన పని మొదలుపెట్టారు. తన కట్టుబడి దగ్గర నుంచి సరుగుడు బాదులు, గుంజల్లాంటి పొడుగు కర్రలు, తెప్పించారు. ఏం చెయ్యబోతున్నారో మాకు విడమర్చి చెప్పారు. ముందు బరువు తీయకూడదు. కింద ఆధారం పెట్టాక తియ్యాలి. ఎవరూ బల్ల దగ్గరికి రాకూడదు. ఆయనా బాదులు తెచ్చిన పనివాడూ సందులోంచి ఒక పలక లోపలికి జరిపి బాల్కనీ అడుక్కి ఆనించి, దానికి బాదులు ఒక్కొక్కటే నిలబెట్టి, కింద చెక్క చీలలు పెట్టి సుత్తితో మెల్లగా బిగించారు. ఒక్కో దెబ్బకి పైనుంచి ఇసుక రాలుతోంది. ప్రతి నాలుగు దెబ్బలకీ ఆగి వినేవారు.

బాదులన్నీ బిగిసేసరికి చీకటి పడింది. మా ఆయన స్టేషన్ నుంచి నేరుగా వచ్చి, చేతిలో బ్యాగుతోనే, "నేను వెళ్ళి తీస్తాను" అన్నారు.

"సార్, మీరెంతుంటారు బరువు?" అన్నారు మేస్త్రిగారు.

"డెబ్భై ఎనిమిది."

"అమ్మగారు?"

"నలభై తొమ్మిది" అన్నాను.

"అబద్ధం. మొన్న మిల్లు దగ్గర తూకం మీద ఎక్కింది, యాభై మూడు" అన్నారు వెనకనుంచి మామ్మగారు.

మేస్త్రిగారు నవ్వలేదు. "బాదులున్నాయి, పడదు. పడదనే అనుకుందాం. అయినా పైకి వెళ్ళేది తక్కువ బరువున్నవాళ్ళే. డ్రమ్ములు ఎత్తొద్దు, లాగొద్దు. మట్టి తోడి పారెయ్యాలి. నేను ఇక్కణ్ణుంచి అంచు చూస్తుంటాను. ఆగమంటే ఆగాలి, రమ్మంటే అన్నీ వదిలేసి లోపలికి వెళ్ళిపోవాలి." బాల్కనీ అంచుకి సమానంగా ప్రహరీ స్తంభానికి నిలబెట్టిన పొడుగు కర్ర నుంచి పక్కింటి కిటికీ ఊచకి దారం ఒకటి బిగించి కట్టారు. అంచు ఆ దారం కన్నా కిందికి దిగితే తెలుస్తుందన్నమాట.

మా ఆయన ఒప్పుకోలేదు. నాలుగు రోజులు ఎవరూ వెళ్ళకుండా ఉంటే ఎండకి అదే ఆరుతుందన్నారు. ఆకాశంలో అప్పటికే మబ్బు ఉంది. ఇంకో వాన పడితే ఆ పగుళ్ళు మళ్ళీ తాగుతాయి. నేను వెళ్తానన్నాను. మోకు నా నడుముకి కట్టి, గదిలో కిటికీ ఊచకి ఒక చుట్టు తిప్పి, కొస ఆయన పట్టుకున్నారు.

మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాను. ముందు చివరివి, తర్వాత గోడవైపువి. అలా చెప్పారు మేస్త్రిగారు. మూలనున్నది కరివేపాకు. చేతిలో ప్లాస్టిక్ మగ్గు. పైన పగుళ్ళిచ్చిన పెచ్చు తీశాక లోపల మట్టి మడిలో మట్టిలాగే ఉంది, మగ్గుకి అతుక్కుని వదలదు. రెయిలింగు మీంచి దూరంగా, బాదులకి తగలకుండా విసరాలి.

"నా గుమ్మం ముందు పొలం వేస్తున్నావే అమ్మాయ్" అన్నారు మామ్మగారు చీకట్లోంచి. ఆవిడ నన్ను మాట్లాడిస్తున్నారని అర్థమైంది. "నాట్లు మీరే వెయ్యండి" అన్నాను.

డ్రమ్ము సగానికి వచ్చేసరికి మురుగు వాసన కొట్టింది. మా ఆయన్ని టార్చి అటు తిప్పమన్నాను. గుండ్రటి డ్రమ్ము మధ్యలో, నల్లటి బురదలో, చదరంగా, ఇటుకలా, గోధుమరంగు మట్టిగడ్డ నిలబడి ఉంది. నాలుగు మూలలూ అలాగే ఉన్నాయి. పాత ఐసు పెట్టె ఆకారం. దాని చుట్టూ ఉన్న నల్లమట్టిలో చెయ్యి పెట్టి వెతికాను. ఒక్క వేరు కూడా బయటికి రాలేదు. పెట్టెలోంచి తీసి పెట్టిన రోజు ఎలా ఉందో ఎనిమిది నెలల తర్వాత కూడా అలాగే ఉంది. నీళ్ళు నిలిచిన బురదలోకి వేళ్ళు వెళ్ళలేదు. వెళ్ళబోయినవి కుళ్ళాయి. ఆ చదరం చుట్టూ నేను పోసినదంతా మొక్కకి పనికిరాని బరువు, అంతే.

"ఆగమ్మా" అన్నారు కిందనుంచి.

ఆగాను. మోకు బిగిసింది, మా ఆయన లాగుతున్నారు. మేస్త్రిగారి టార్చి దారం మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. నేను ఆ చదరపు గడ్డని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

"అంచు పైకి లేచింది. వేలెడు. బరువు తగ్గుతోంది. కానివ్వండి."

అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. కానీ చేతులు ఖాళీగా లేవు. కరివేపాకుని గడ్డతో సహా ఎత్తి గుమ్మం దగ్గర మా ఆయనకి అందించాను. ఒక చంటిపిల్ల బరువుంది. మిగతా మట్టీ తోడేసి, ఖాళీ డ్రమ్ము గదిలోకి దొర్లించాను. తర్వాత నిమ్మ. నిమ్మ కూడా చదరమే. దానిమ్మ కూడా. ఒక్క మల్లె మాత్రం అడుగువైపు రెండు వేళ్ళు చాచింది, అవీ నల్లబడ్డాయి. ఆరో డ్రమ్ము ఖాళీ అయ్యేసరికి తొమ్మిది దాటింది. గోళ్ళ సందుల్లో మా చేను. నడుము దగ్గర మోకు ఒరుసుకుని మండుతోంది.

నేను లోపలికి వచ్చాక మేస్త్రిగారు బాదుల మధ్య నుంచి సుత్తి పిడితో బాల్కనీ అడుగుని తట్టారు. డొల్ల చప్పుడు. రెండోసారి తట్టగానే విస్తరంత పెచ్చు ఊడి బల్ల మీద పడింది, మామ్మగారు నిలబడి అచ్చు వేసే చోట. పెచ్చు ఊడిన చోట ఇనప చువ్వలు కనిపించాయి. వేలు లావుండాల్సినవి, తుప్పు తినగా మిగిలి, అగరొత్తి పుల్లల్లా ఉన్నాయి. మామ్మగారు వెళ్ళి బల్ల మీద గుడ్డ మడతపెట్టి లోపలికి తీసుకుపోయారు. వారంలో ఆ బాల్కనీ పడగొట్టాలన్నారు మేస్త్రిగారు. అప్పటిదాకా బాదులు కదిలించొద్దన్నారు.

మొక్కల్ని వంటింట్లో నేలమీద పరిచాం. మామ్మగారు రంగు చెడిన పాత అద్దకం గుడ్డలు తెచ్చి ఇచ్చారు. కుళ్ళిన వేళ్ళు కత్తెరతో తీసేసి, గడ్డలకి ఆ గుడ్డలు తడిపి చుట్టాను. చుడుతున్నంతసేపూ ఆవిడ పక్కనే పీట మీద కూర్చున్నారు. "సున్నం కొట్టించకుండా ఉండాల్సింది" అన్నారు ఒకసారి. నేను "నేను వేలు పెట్టి చూసుకోవాల్సింది" అన్నాను.

ఇప్పుడు ఇది రాస్తుంటే పిల్లలు పడుకుని ఉన్నారు. అది జరిగి చాలా నెలలైంది. ఆ ఆరింటిలో దానిమ్మా ఒక మల్లె పోయాయి. మిగతావి వెనక పెరట్లో నేలమీద, పాత గడ్డకి చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు చోటు మాత్రమే ఎక్కువున్న కుండీల్లో ఉన్నాయి. మట్టి ఒక పాలు, పొట్టు ఒక పాలు, గుప్పెడు ఇసుక. ఇప్పుడు కుండీ మార్చాలనిపిస్తే ముందురోజు నీళ్ళు పోసి, మర్నాడు పక్కకి వంచి, అంచు మీద తట్టి, గడ్డని చేతిలోకి జార్చుకుని చూస్తాను. వేళ్ళు మట్టి చుట్టూ వలలా అల్లుకుని ఉంటే మారుస్తాను, లేకపోతే మళ్ళీ అదే కుండీలో కూర్చోబెడతాను. చాలాసార్లు కూర్చోబెట్టటమే. మారుద్దామని చేతులు పీకుతూనే ఉంటాయి. వారం రోజులు ఆగి మళ్ళీ చూస్తాను.

ఆ మర్నాడు పొద్దున్న మాత్రం నాకు ఇదంతా ఇంకా తెలియదు. పిల్లలు లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. గుడ్డలు చుట్టుకుని నేలమీద వరసగా పడుకున్న మొక్కల్ని చూసి చిన్నాడు, "చచ్చిపోయాయా?" అన్నాడు.

"తెలీదు నాన్నా. పది రోజులు చూడాలి."

పెద్దది మొక్కల్ని చూడటం లేదు. నా నడుము మీద మోకు గీసుకున్న ఎర్రటి చారని చూస్తోంది. "ఎదురింటి ఆంటీ వాళ్ళు మామ్మగారి ఇల్లు పాతది, అందుకే అలా అయిందంటున్నారు. బళ్ళో అడిగితే అదే చెప్పనా?"

నేను స్టవ్ కట్టేసి ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "ఇల్లు పాతదే. కానీ దాని మీద అంత బరువు పెట్టింది నేను. మొక్కలు ఇంకా అడగకముందే పెద్ద డ్రమ్ముల్లోకి మార్చేశాను, తొందరపడి. మీరు కింద కూర్చుంటారని తెలిసి కూడా అది ఎంత బరువో ఒక్కసారీ ఆలోచించలేదు. ఎవరైనా అడిగితే అదే చెప్పు."

"డ్రమ్ములు నాన్న కదా తెచ్చారు?"

"తెమ్మన్నది నేను. నాన్న బక్కెట్లు చాలన్నారు."

అది నా నడుము మీది చారని వేలితో తాకింది. "మరి భయమేసిందా నీకు, నిన్న పైకి వెళ్ళినప్పుడు?"

"చాలా వేసింది" అన్నాను. "ఇప్పటికీ ఉంది. బాల్కనీ పడగొట్టేదాకా వసారాలోకి ఎవరూ వెళ్ళొద్దు. ఈ పూట నుంచి సందులోంచి వెళ్ళి, ప్రహరీ పక్కనే నడిచి గేటు దాటండి. నేను ముందు నడుస్తాను, మీరు నా వెనక రండి."